వేల్స్ తీరంలో స్నేహితుల సెలవులు: టెన్‌బీ కబుర్లు, మీ సలహాలు

గోరువంక, బ్రిస్టల్

మే నెలాఖరు బ్యాంకు సెలవుకు మా విశాఖ కాలేజీ జట్టంతా కలిసి వేల్స్ నైరుతి మూలనున్న పెంబ్రోక్‌షైర్ తీరానికి వెళ్ళివచ్చాం. తలో ఊళ్ళో ఉద్యోగాలు, పిల్లల బళ్ళు, ఊరి నుంచి వచ్చిపోయే తల్లిదండ్రులు. అందరికీ ఒకేసారి వీలు చిక్కడమే పెద్ద పండగ. అందుకే బయల్దేరకముందే ఒక మాట అనుకున్నాం. చూడాల్సినవాటి చిట్టా పట్టుకుని పరుగులు పెట్టకూడదు. ఒకే ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకుని, సముద్రం ఎటు పొమ్మంటే అటు పోవాలి. ఆ ఊరు టెన్‌బీ.

సముద్రం పొమ్మనడం అలంకారానికి అన్న మాట కాదు. అక్కడ రోజు ఎలా గడవాలో నిజంగా ఆటుపోట్లే తేలుస్తాయి. మేమంతా విశాఖ బీచిలో ఆడుకుంటూ పెరిగినవాళ్ళం. మన దగ్గర పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో తేడా మామూలుగా మనిషి ఎత్తు దాటదు. టెన్‌బీలో అమావాస్య, పౌర్ణమి తరువాతి పెద్ద పోట్లకు ఆ తేడా ఏడు మీటర్లు మించుతుంది. పొద్దున కాఫీ తాగుతూ చూస్తే రేవులో పడవలు నీళ్ళమీద ఊగుతున్నాయి. భోజనాల వేళకు అవే పడవలు తడి ఇసుకలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. లంగరు తాళ్ళు నేలమీద పడి ఉంటే, పిల్లలు వాటిని దాటుకుంటూ బకెట్లతో నడిచిపోతున్నారు. కాసిల్ బీచి ఎదురుగా సెయింట్ కాథరిన్స్ దీవి, దానిమీద విక్టోరియా రాణి కాలపు కోట ఉన్నాయి. పోటులో పడవ లేకుండా దాని దరి చేరలేరు. ఆటులో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళి ఆ రాతిగోడను తాకి రావచ్చు.

ఇక అసలు సంగతి, క్రికెట్. నార్త్ బీచి నడుమ గోస్కార్ అనే నల్లటి బండ ఇసుకలోంచి నిటారుగా లేచి ఉంటుంది. దానికి కాస్త ఇవతల గట్టి ఇసుకలో పిచ్ గీశాం. కొట్టుకొచ్చిన చెక్కలే వికెట్లు. బంతి నీళ్ళలో పడితే నాలుగు పరుగులు, కొట్టినవాళ్ళే తెచ్చుకోవాలి. మొదటి జట్టు ఆడేటప్పుడు నీళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి. మా జట్టు బ్యాటింగుకు వచ్చేసరికి సముద్రం గబగబా దగ్గరికి రాసాగింది. లాంగాన్‌లో ఉన్న అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, ఆ పైన ఇక మడవడానికి ఏమీ మిగల్లేదు. మేము గెలిచాం. ఆ గెలుపు చెల్లదని మొదటి జట్టు ఇవాళ్టికీ వాదిస్తోంది.

మరునాడు స్టాక్‌పోల్ రేవు దగ్గర కార్లు ఆపి, కొండ అంచున అర మైలు నడిచి బారాఫండల్ తీరానికి దిగాం. అక్కడ దుకాణం లేదు, మరుగుదొడ్డి లేదు, కారు వెళ్ళే దారి లేదు. ఇసుక, వెనక పైన్ చెట్లు, ముందు నీళ్ళు, అంతే. పులిహోర, ఆవకాయ పెట్టుకున్న బ్రెడ్డు, ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళాం. గాలికి పేపరు ప్లేట్లు ఎగిరిపోతుంటే అందరం వెంటపడి పట్టుకున్నాం. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉండటంతో ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు.

ఇలా తీరానికి వెళ్ళివచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీ కబుర్లూ చెప్పండి. వచ్చే ఏడాదికి మేం ఇప్పటి నుంచే చర్చ మొదలుపెట్టాం.

అల్లంటీ, కార్డిఫ్

చాలా సంతోషంగా ఉందమ్మా చదువుతుంటే. మేము కార్డిఫ్ వచ్చిన కొత్తలో పిల్లల్ని తీసుకుని ఏటా టెన్‌బీకే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఆ పిల్లలు వాళ్ళ స్నేహితులతో వెళుతున్నారు.

మీ జట్టులో కంప్యూటర్ ఉద్యోగాలవాళ్ళు ఉండే ఉంటారు. ఊరి నడిబొడ్డున సెయింట్ మేరీస్ చర్చి ఉంది కదా, లోపలికి వెళ్ళారా? అందులో రాబర్ట్ రెకార్డ్ స్మారకం ఉంది. 16వ శతాబ్దంలో టెన్‌బీలో పుట్టిన గణితవేత్త ఆయన. 1557లో అచ్చయిన తన పుస్తకంలో సమానం గుర్తును మొట్టమొదట వాడింది ఆయనే. ప్రతిసారీ 'దీనికి సమానం' అని అక్షరాలా రాయలేక రెండు సమాంతర రేఖలు గీశారు, ఆ రెండిటికంటే సమానమైనవి ఇంకేముంటాయని. మా అబ్బాయి ఎక్కాలు నేర్చుకునే వయసులో అక్కడికి తీసుకెళ్ళాను. ఆ రోజంతా ఇసుకలో సమానం గుర్తులు గీస్తూనే ఉన్నాడు.

అంత పెద్ద పోటు ఎందుకొస్తుందని చాలామంది అడుగుతారు. అట్లాంటిక్ నీరు బ్రిస్టల్ ఛానల్‌లోకి తోసుకొచ్చేకొద్దీ రెండు ఒడ్డులూ దగ్గరవుతాయి, అడుగు మెరకవుతుంది. పక్కకు పోయే దారి లేక నీరు పైకి లేస్తుంది. మీ బ్రిస్టల్ పక్కనున్న ఏవన్‌మౌత్ దగ్గరైతే పెద్ద పోట్లకు తేడా 14 మీటర్ల దాకా పోతుంది. ప్రపంచంలోని అతి పెద్ద పోట్లలో అదొకటి.

నత్తనడక, లెస్టర్

గోరువంక చెప్పిన క్రికెట్ కథకు రెండో వైపు కూడా వినండి. మొదటి జట్టు సారథిని నేనే.

మేము ఆడినప్పుడు బౌండరీ దాదాపు కనుచూపు మేరలో ఉంది. ఎంత బలంగా కొట్టినా బంతి తడి ఇసుకలో కూరుకుపోయి ఆగేది. వీళ్ళ బ్యాటింగు వచ్చేసరికి సముద్రం పాయింట్ ఫీల్డరు కాళ్ళ దాకా వచ్చేసింది. చిన్నగా తోస్తే చాలు, నాలుగు పరుగులు! గోరువంకా, నువ్వు కొట్టిన చివరి మూడు ఫోర్లలో ఒక్కటైనా ఆటులో ఫోరయ్యేదా? న్యాయంగా చెప్పు.

క్రికెట్ సంగతి అలా ఉంచితే, ఆ యాత్రలో నాకు బాగా నచ్చింది సెయింట్ గోవన్స్ చాపెల్. కొండ చీలికలో ఇరుక్కున్నట్టు కట్టిన చిన్న రాతి గుడి అది. పైనుంచి ఇరుకు మెట్లమీదుగా దిగాలి. ఆ మెట్లు దిగేటప్పుడు లెక్కపెడితే ఒక సంఖ్య, ఎక్కేటప్పుడు లెక్కపెడితే మరొక సంఖ్య వస్తుందని అక్కడి నానుడి. ఆరుగురం గట్టిగా లెక్కపెట్టుకుంటూ దిగాం, ఎక్కాం. ఎవరి లెక్క వారిదే అయింది. విరిగిన మెట్టును మెట్టుగా ఎంచాలా వద్దా అన్న దగ్గరే ఒక పూట గడిచిపోయింది. గుడి లోపల రాతిగోడలో మనిషి నిలబడేంత నెర్రె ఉంది. దొంగలు తరుముకొస్తే ఆ బండే తెరుచుకుని సాధువు గోవన్‌ను దాచిందని కథ. ఆ నెర్రెలో నిలబడి బయటికి చూస్తే చప్పుడంతా అలలదే.

గోరువంక, బ్రిస్టల్

టాస్ గెలిచి బ్యాటింగు తీసుకున్నది ఎవరు? పోటు వేళల కాగితం మన వంటింటి గోడకు అంటించే ఉంది, సారథి గారూ.

చుక్కాని, స్వాన్‌సీ

మీ తగాదాకు లెక్క చెప్పగలను. పోటు ఆరు గంటలకు పైగా పెరుగుతుంది కానీ ఒకే వేగంతో పెరగదు. మొదటి గంటలో నెమ్మది, చివరి గంటలో నెమ్మది. నడుమనున్న మూడో గంట, నాలుగో గంట, ఈ రెండిట్లోనే దాదాపు సగం నీరు వచ్చేస్తుంది. మొదటి జట్టు ఆట ఆటు సమయంలో, రెండో జట్టు ఆట మూడో గంటలో జరిగి ఉంటే నత్తనడక గారి వాదనలో బలం ఉన్నట్టే. వచ్చే ఏడాది పోటు దిగుతున్నప్పుడు ఆడి చూడండి, అప్పుడు మొదటి జట్టుకే లాభం.

నేను స్వాన్‌సీ ఆసుపత్రిలో నర్సును, వేసవిలో వీలున్నప్పుడల్లా సముద్రంలో ఈదుతాను. ఈ చర్చ చదివి చాలామంది బయల్దేరతారు కనుక కొన్ని మాటలు నొక్కి చెప్పాలి. లైఫ్‌గార్డులు ఉన్న తీరంలో ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. గాలి నింపిన పడవలు, బాతులు ఇక్కడి సముద్రంలో వద్దే వద్దు. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలి నిమిషాల్లో వాటిని లాక్కుపోతుంది. కాలుకింద నేల అందక కంగారు వస్తే ఈదడానికి పెనుగులాడకండి. వెల్లకిలా తేలండి, ఊపిరి కుదుటపడనివ్వండి. ఆపద కనిపిస్తే 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. 1824 నుంచి బ్రిటన్లో లైఫ్‌బోటు సంస్థ పనిచేస్తోంది. ఆ పడవల్లో వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు. పేజరు మోగితే చేస్తున్న పని వదిలి పరుగెత్తుతారు. టెన్‌బీ స్టేషన్లో వారి పడవ ఉంది, తప్పకుండా చూడండి.

ఇంకొకటి. ఆటులో ఇసుకలో చెప్పులు లేకుండా నడిచేటప్పుడు వీవర్ అనే చిన్న చేప ముల్లు గుచ్చుకోవచ్చు. ఇసుకలో పూడుకుని వెన్నుముల్లు మాత్రం పైకి పెట్టి ఉంటుంది. నొప్పి భరించలేనంతగా ఉంటుంది. చన్నీళ్ళు పోయకండి. కాలిపోకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో పాదం ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. లోతు లేని నీళ్ళలో ఆడే పిల్లలకు నీటి బూట్లు వేయండి.

పులిహోర, వుల్వర్‌హాంప్టన్

పేరు పులిహోర కాబట్టి బారాఫండల్ భాగం రెండుసార్లు చదివాను!

మాకు ఆగస్టులో వెళ్ళాలని ఉంది. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. మాతోపాటు రెండు స్నేహితుల కుటుంబాలు, వాళ్ళ పిల్లలు. నాన్నకు మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినదు. నాన్న పుట్టి పెరిగింది గోదావరి గట్టున, నీళ్ళు కనిపిస్తే చాలు ఎంతసేపైనా కూర్చుంటారు. ఇలాంటి బృందానికి టెన్‌బీ నప్పుతుందా? పిల్లలేమో పఫిన్ పక్షులు చూడాలని పట్టుబడుతున్నారు.

అల్లంటీ, కార్డిఫ్

ముందు తిండి సంగతి చెబుతాను, అమ్మగారి విషయంలో అదే ముఖ్యం. వెల్ష్ కేకులు ఊరంతా పెనంమీద వేడివేడిగా కాలుస్తుంటారు, వాసనకే నోరూరుతుంది. కానీ వాటిలో గుడ్డు పడుతుంది, పాత పద్ధతిలో చేసేవాళ్ళు పందికొవ్వు కూడా వేస్తారు. బారా బ్రిత్ అనే ఎండుద్రాక్ష రొట్టెలోనూ సాధారణంగా గుడ్డు ఉంటుంది. గ్లామోర్గన్ సాసేజీ పేరు చూసి భయపడక్కర్లేదు, అందులో మాంసం ఉండదు. జున్ను, లీకు అనే ఉల్లికాడలాంటి కూర, రొట్టెపొడి కలిపి చేస్తారు. అయితే ముద్ద కట్టడానికి గుడ్డు వాడతారు కనుక అమ్మగారికి పనికిరాదు, మీకు పిల్లలకు భేషుగ్గా ఉంటుంది. వెల్ష్ రేర్‌బిట్ అనే జున్ను టోస్టులో వేసే వూస్టర్ సాసులో చేప ఉంటుంది, అడిగి తినండి. చిప్స్ కూడా ఏ నూనెలో వేయిస్తున్నారో అడగండి, కొన్నిచోట్ల గొడ్డుకొవ్వులో వేయిస్తారు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, విసుక్కోకుండా చెబుతారు.

మీకు సాహసం ఉంటే లేవర్‌బ్రెడ్ రుచి చూడండి. పేరులో రొట్టె ఉన్నా అది సముద్రపు నాచును గంటల తరబడి ఉడకబెట్టి చేసే ముద్ద. నల్లటి గోంగూర పచ్చడిలా కనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు దాన్ని బేకన్‌తో, గుల్లచేపలతో తింటారు. నేను మాత్రం ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెట్టి అన్నంలో కలుపుకుంటాను. మావారు మొదట్లో దూరంగా జరిగేవారు, ఇప్పుడు అడిగి వేయించుకుంటున్నారు.

వంటిల్లున్న ఇల్లు తీసుకోండి. అమ్మగారికి నిశ్చింత, ఖర్చూ కలిసొస్తుంది.

నాన్నగారి మోకాళ్ళ మాటకొస్తే, టెన్‌బీ ఊరు గుట్టమీద ఉంది, బీచిలు కింద ఉన్నాయి. వాలుదారులు ఉన్నా తిరిగి పైకి రావాలి కదా. పక్కనే సాండర్స్‌ఫుట్ నుంచి వైజ్‌మన్స్ బ్రిడ్జి దాకా సముద్రం వెంబడే చదునైన బాట ఉంది. ఒకప్పుడు బొగ్గు మోసిన చిన్న రైలుమార్గం అది, కొండలో తొలిచిన సొరంగాల గుండా వెళుతుంది. మోకాళ్ళకు సుఖం, పిల్లలకు సరదా. సొరంగాల్లో వాళ్ళు కేకలు పెట్టి ప్రతిధ్వని వినకుండా ఉండలేరు.

చుక్కాని, స్వాన్‌సీ

పిల్లలకు ముందే చెప్పేయండి, ఆగస్టులో పఫిన్లు ఉండవు. పెంబ్రోక్‌షైర్ తీరానికి దగ్గర్లోని స్కోమర్ దీవికి అవి ఏప్రిల్‌లో వచ్చి జూలై చివరికల్లా సముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఆగస్టు చివరి నుంచి బూడిదరంగు సీళ్ళు పిల్లల్ని కనడం మొదలుపెడతాయి. పడవలో దూరం నుంచి చూడవచ్చు, దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు.

బాటసారి, మాంచెస్టర్

అందరూ దక్షిణం వైపే లాగుతున్నారు. ఉత్తర వేల్స్ తరఫున ఒక్కడినైనా మాట్లాడకపోతే అన్యాయం.

పులిహోర గారూ, మీ బృందానికి తగిన ఊరు ల్యాండుడ్నో. సముద్రం ఒడ్డునే అర్ధచంద్రాకారంలో విశాలమైన చదును నడకదారి, దారి పొడవునా బెంచీలు. మెట్టు ఎక్కే పనే లేదు. 1877లో తెరిచిన పియర్, అంటే సముద్రంలోకి చొచ్చుకెళ్ళే నడక వంతెన, వేల్స్‌లోకెల్లా పొడవైనది. నాన్నగారు సముద్రం మధ్యలో నిలబడినంత హాయిగా గాలి పీల్చుకోవచ్చు. పక్కనున్న గ్రేట్ ఓర్మ్ కొండ ఎక్కడానికి 1902 నుంచి ట్రాము నడుస్తోంది. తాడు లాగే ట్రాము అది. మోకాళ్ళతో పని లేకుండా శిఖరం దాకా తీసుకెళుతుంది.

ఆ కొండమీద మేకలున్నాయి, అవీ కశ్మీరీ జాతి మేకలు! బొచ్చు తెల్లగా, కొమ్ములు వెనక్కు వంగి ఉంటాయి. విక్టోరియా రాణి కాలం నుంచి అక్కడే స్థిరపడ్డాయి. 2020లో లాక్‌డౌన్ వేళ ఊళ్ళోకి దిగి జనం లేని వీధుల్లో తిరుగుతూ తోటల్లో కంచెమొక్కలు మేశాయి. ఆ వీడియోలు ప్రపంచమంతా చూసింది. మా బృందంలో ఒకమ్మాయి శ్రీనగర్‌లో చదువుకుంది, వాటిని చూడగానే 'మా ఊరివాళ్ళే' అని కశ్మీరీలో పలకరించింది. ఒకటి తలెత్తి చూసింది కూడా. ఆ ఫోటో మా అందరి ఫోన్లలో ఉంది.

స్నేహితులతో వెళితే ఇంకో దారి ఉంది. మాకన్లెత్ నుంచి తీరం వెంబడి రైలు ఎక్కండి. బార్మత్ దగ్గర 1867 నాటి కొయ్యవంతెన మీద నదీముఖాన్ని దాటుతుంది. ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు. మా డబ్బాలో ఉన్నవాళ్ళు ఒక కిటికీ నుంచి మరో కిటికీకి పరుగులు తీశారు. ముందుకు వెళితే హార్లెక్ కోట వస్తుంది. 13వ శతాబ్దంలో మొదటి ఎడ్వర్డ్ రాజు కట్టించినప్పుడు సముద్రం కోట ఉన్న కొండ మొదట్లోనే ఉండేది. ఓడలో తెచ్చిన సరుకు నేరుగా కోటకు చేరేది. ఇప్పుడు సముద్రం దూరంగా జరిగిపోయింది, మధ్యలో ఇళ్ళు, ఇసుకదిబ్బలు. ఇన్ని వదిలేసి ఒకే ఊళ్ళో కూర్చోవడం నా వల్ల కాదు.

నత్తనడక, లెస్టర్

బాటసారి గారూ, మేకల కథ అద్భుతం. కానీ చివరి మాట దగ్గర మీతో విభేదిస్తాను. మేము ఒకే ఊళ్ళో ఉండబట్టే రేవు నిండటం, ఖాళీ కావటం, మళ్ళీ నిండటం చూశాం. పోటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కనుక మొదటి రోజు టీ వేళకు కనిపించిన దృశ్యం తరువాతి రోజుల్లో సాయంత్రానికి జరిగింది. చేపలు పట్టే ఒక పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టి పలకరించడం మొదలుపెట్టారు. మా వంటింటి కిటికీ ముందున్న సీగల్‌ను మేము గుర్తుపట్టాం. దానిదే చేతివాటం ఎక్కువ. బెంచీమీద కూర్చుని చిప్స్ పొట్లం విప్పితే వెనక నుంచి వచ్చి, చేతిలోది చేతిలో ఉండగానే ఎత్తుకుపోయింది. రైలు కిటికీలోంచి ఇవన్నీ ఎలా దొరుకుతాయి?

బాటసారి, మాంచెస్టర్

నాకు కదులుతుంటేనే సెలవనిపిస్తుంది, మీకు ఆగితే. స్నేహితులను ఎంచుకునేటప్పుడే ఈ విషయం తేల్చుకుంటే దారిలో గొడవలుండవు.

మబ్బుతునక, స్వాన్‌సీ

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాను, వరంగల్ మాది. కారు లేదు, డబ్బూ అంతంతమాత్రం. నలుగురం స్నేహితులం పరీక్షలు అయ్యాక ఎటైనా వెళ్ళాలనుకుంటున్నాం. మాలో ముగ్గురు ఇక్కడికి వచ్చేదాకా సముద్రమే చూడలేదు. కారు లేకుండా ఇవన్నీ సాధ్యమేనా?

చుక్కాని, స్వాన్‌సీ

తమ్ముడూ, నువ్వు ఉన్నదే బంగారంలాంటి చోట. స్వాన్‌సీ బస్టాండులో రోసిలీ బస్సు ఎక్కు. గవర్ ద్వీపకల్పం చివరికి తీసుకెళుతుంది. 1956లో బ్రిటన్లో మొట్టమొదట విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా గుర్తించింది గవర్‌నే. రోసిలీ తీరం దాదాపు ఐదు కిలోమీటర్ల ఇసుక. ఆటులో వెళితే 1887 తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన హెల్వీషియా ఓడ పక్కటెముకలు ఇసుకలోంచి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఆ కలపను చేత్తో తాకి చూడు. నాచు పట్టి జారుతుంది, మేకుల చోట తుప్పు ఊడి వస్తుంది.

తీరం చివర వర్మ్స్ హెడ్ అనే రాతి దీవి ఉంది. ఆటుకు ముందు రెండున్నర గంటలు, తరువాత రెండున్నర గంటలు మాత్రమే రాళ్ళమీదుగా నడిచి వెళ్ళే దారి తేలుతుంది. వేళలు అక్కడ బోర్డుమీద రాసి ఉంటాయి. ఫోనులో ఫోటో తీసుకుని, తిరిగి రావాల్సిన వేళకు అలారం పెట్టుకోండి. ఒకవేళ దారి మునిగిపోతే నీళ్ళలో దిగవద్దు, దీవిమీదే ఉండి సాయానికి ఫోను చేయండి. ఈ ఒక్క మాట మీ నలుగురితోనూ గట్టిగా చెప్పు.

గోరువంక, బ్రిస్టల్

స్వాన్‌సీ నుంచి టెన్‌బీకి నేరుగా రైలు కూడా ఉంది. 16 నుంచి 25 ఏళ్ళ వయసువారికిచ్చే రైల్‌కార్డు తీసుకుంటే టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. 25 దాటినా పూర్తికాలం చదువుతుంటే అదే కార్డు ఇస్తారు. స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే బీచి. రేవులో పడవ ఎక్కితే ఇరవై నిమిషాల్లో కాల్డీ దీవి. 1929 నుంచి సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు అక్కడ ఉంటున్నారు, చాక్లెట్లు, పరిమళ ద్రవ్యాలు చేసి అమ్ముతారు. ఆదివారాలు మాత్రం పడవలు నడవవు.

స్కోమర్ సంగతి అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మార్టిన్స్ హేవన్ నుంచి పడవ. టికెట్లు చాలా ముందుగా కొనుక్కోవాలి. బ్యాంకు సెలవు రోజులు తప్ప సోమవారాలు దీవి మూసి ఉంటుంది. దిగాక నిటారు మెట్లు. పైకి వెళితే విక్ అనేచోట పఫిన్లు మన కాళ్ళ దగ్గరే బాట దాటుతాయి. ఒకటి ముక్కు నిండా సన్నటి వెండిచేపలు అడ్డంగా పట్టుకుని వచ్చి వాలింది. మేము బాటమీద ఉన్నామని కాసేపు ఆగింది. అందరం బిగుసుకుపోయి నిలబడితే, నత్తనడక బూటు పక్కనుంచి గబగబా పరుగెత్తి కన్నంలో దూరిపోయింది. నేలంతా వాటి కన్నాలే, బాట తప్పి అడుగేస్తే గూడు కూలుతుంది. దీవిమీద భోజనం దొరకదు, మీరే పట్టుకెళ్ళండి. ఏప్రిల్ మొదలు జూలై మధ్యలోపు ఎప్పుడు వెళ్ళినా నీ డబ్బు వృథా కాదు, మబ్బుతునకా.

మబ్బుతునక, స్వాన్‌సీ

ధన్యవాదాలు అక్కలూ. ముందు రోసిలీ, తరువాత టెన్‌బీ. అలారం మాట మావాళ్ళకు ఇప్పుడే చదివి వినిపించాను.

పులిహోర, వుల్వర్‌హాంప్టన్

మా ఇంట్లో ఈ చర్చ మొత్తం గట్టిగా చదివాను. కశ్మీరీ మేకలు, తాడు ట్రాము విని నాన్న వెంటనే ల్యాండుడ్నో అన్నారు. పఫిన్లు ఉండవని తెలిసి పిల్లలు కాసేపు అలిగారు కానీ మేకలకు రాజీపడ్డారు. కాబట్టి ఆగస్టులో అమ్మానాన్నలతో ఉత్తరం. వచ్చే మే నెలలో మా కాలేజీ స్నేహితురాళ్ళం మాత్రమే టెన్‌బీ, స్కోమర్ వెళతాం. ఇప్పటికే నలుగురు సరేనన్నారు, ఇద్దరు ఇంట్లో అడిగి చెబుతామన్నారు.

బాటసారి గారూ, ట్రాముకు ముందుగా టికెట్టు కొనాలా? అల్లంటీ గారూ, మేలో వెళ్ళేవాళ్ళకు ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా?

బాటసారి, మాంచెస్టర్

ఆగస్టులో రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్ళండి. ట్రాము సగం దారిలో మారాలి, అక్కడ దిగి ఇంకో ట్రాము ఎక్కుతారు. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. కొండమీద ఎండాకాలంలోనూ గాలి చల్లగా కొడుతుంది, అమ్మగారికి శాలువా మరచిపోవద్దు.

అల్లంటీ, కార్డిఫ్

సెయింట్ గోవన్స్ చాపెల్‌కు వెళ్ళే దారి సైన్యం కాల్పుల సాధన చేసే ప్రాంతంలో ఉందమ్మా. కాల్పులున్న రోజు ఎర్రజెండా ఎగరేసి దారి మూసేస్తారు. బయల్దేరేముందు ఆ వారం వేళలు చూసుకోండి. మే చివరి వారం బళ్ళకు సెలవులు కనుక టెన్‌బీలో ఇళ్ళు త్వరగా అయిపోతాయి, మొదటి రెండు వారాల్లో వెళితే అద్దె తగ్గుతుంది, స్కోమర్ టికెట్లూ కాస్త సులువుగా దొరుకుతాయి. తేదీలు ఖాయం చేసుకున్నాక ఇక్కడ రాయండి, ఆ రోజుల పోటు వేళలు చూసి చెబుతాను. దారిలో కార్డిఫ్‌లో ఆగితే మా ఇంట్లో భోజనం చేసి వెళ్ళాలి.

నత్తనడక, లెస్టర్

క్రికెట్ ఆడేటట్టయితే ఆటు మొదలైన గంటకు టాస్ వేయండి. గెలిస్తే బ్యాటింగే తీసుకోండి.